గంటకి ఎనిమిది డాలర్లు, పర్లాకిమిడిలో

ఆస్ట్రేలియాలో పెద్దవాళ్లకి చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనం 2025 జూలై 1 నుంచి గంటకి 24.95 డాలర్లు. నాకు వచ్చేది గంటకి ఎనిమిది, అవీ వాళ్ల డాలర్లే. ఈ రెండంకెలూ నాకు నోటికొచ్చు. మొదటిదానికి తగ్గకుండా అక్కడి కేఫ్‌లలో, ప్లంబర్ల దగ్గర పనిచేసేవాళ్లకి జీతాలు లెక్కకట్టేది నేను. రెండోదాని ప్రకారం నెలాఖరున బిల్లు రాసుకునేదీ నేనే.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. నా పని బ్రిస్బేన్‌లో ఉన్న ఒక చిన్న అకౌంటింగ్ ఆఫీసుకి. తెల్లవారుజామున నాలుగున్నరకి కూర్చుంటే అక్కడ ఉదయం తొమ్మిది. మధ్యాహ్నం పన్నెండున్నరకి లేస్తాను. సిడ్నీ, మెల్‌బోర్న్ ఆఫీసులకి పనిచేసేవాళ్లు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మూడున్నరకే లేవాలి, వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఆ అలవాటు లేదు. నేను ఈ ఆఫీసునే పట్టుకుని ఉండటానికి ఇదొక కారణమంటే ఎవరూ నమ్మరు గానీ, చలికాలంలో ఆ గంట విలువ లేచేవాళ్లకే తెలుస్తుంది.

నా పని సంగతి చెప్తే రెండే రకాల మాటలు వినిపిస్తాయి. మా బావగారు, "డాలర్లొస్తన్నాయి కదమ్మా, ఇంకేటి కావాలి?" అంటారు. భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు, "మూడో వంతుకి కొనుక్కున్నారక్కా నిన్ను, నువ్వు డిజిటల్ కూలీవి" అంటాడు. బావగారికి ఆ ఎనిమిది పెద్దగా కనిపిస్తుంది, తమ్ముడికి చిన్నగా. ఇద్దరి చూపూ డాలర్ మీదే. నేనీ పనిలోకి ఎందుకొచ్చానన్నది దాంతో సగమే తేలుతుంది. మిగతా సగం మా ఊళ్లో ఉంది.

ముందు డబ్బు సంగతే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. ఆస్ట్రేలియా డాలర్ యాభై రూపాయల పైనే ఉంటుంది. గంటకి నాలుగొందల పైచిలుకు అనుకోండి. ఈ ఊళ్లో ఆడిటర్ దగ్గర కూర్చుని టాలీ కొట్టే బీకామ్ వాళ్లకి రోజంతా చేస్తే వచ్చేది దాదాపు అంత. ఇంత తేడా ఉన్నప్పుడు "ఎందుకు వెళ్లావు" అని అడగడమే వింత. ప్రపంచ బ్యాంకు లెక్క చూస్తే, అమెరికాలో ఒక డాలర్ పెట్టి కొనే సరుకు మన దేశంలో సగటున 20 రూపాయల చుట్టూ దొరుకుతుంది. అదే డాలర్ బ్యాంకులో మారిస్తే 90 దరిదాపుల్లో వస్తుంది. విదేశీ యజమానికీ మనకీ మధ్య జరిగే బేరమంతా ఈ సందులోనే. అతను ఆ తేడాలో కొంత మిగుల్చుకుంటాడు, మనకి కొంత వస్తుంది. ఎవరికెంత అనేది ఏ సూత్రంలోనూ రాసిలేదు. ఆ మాటకి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మా తమ్ముడు అడగని ప్రశ్న: ఈ పని లేకపోతే ఏముంది?

సర్కారు ఉద్యోగం ఉంది, కాగితం మీద. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్తగా పుట్టిన ఒడిశాలోకి వచ్చింది. జమీందారీలో కొంత భాగం అటు ఉండిపోయింది, ఊరు ఇటు వచ్చింది. ఆ గీత తొంభయ్యేళ్ల తర్వాత మా దరఖాస్తుల్లో కనిపిస్తుంది. ఒడిశా సర్కారు ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. నాకది ఉంది, లేనివి పోస్టులు. పోనీ అటు వెళ్దామంటే, ఆంధ్రాలో రాజ్యాంగం 371-డి అధికరణ, దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు. ఎక్కువ పోస్టులు లోకల్ వాళ్లకే. లోకల్ అంటే అక్కడ చదివినవాళ్లు. నా చదువంతా ఒడిశాలో జరిగింది కాబట్టి ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, దరఖాస్తులో నాన్‌లోకల్. మిగిలిన కొద్దిపాటి ఓపెన్ పోస్టులకి రాష్ట్రమంతటితో పోటీ. నేను ఆ చట్టాన్ని తప్పు పట్టడం లేదు, దాని వెనక పెద్ద ఉద్యమాలున్నాయి. కానీ గీత మీద పడ్డవాళ్లకి రెండు వైపులా తలుపు సగమే తెరుచుకుంటుంది. బ్రిస్బేన్ ఆఫీసు ఆవిడ నన్ను ఇంటర్వ్యూ చేసినప్పుడు రికన్సిలియేషన్, అంటే బ్యాంకు లెక్కకీ పుస్తకాల లెక్కకీ సరిచూడటం, చేయగలవా, జీరో (Xero) అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడావా, నెట్ బాగుంటుందా అని అడిగింది. నేటివిటీ సర్టిఫికెట్ ఊసెత్తలేదు.

ఇక పెద్ద ఊళ్లలో ప్రైవేటు ఉద్యోగం. పెళ్లికి ముందు విశాఖలో ఒక ఆడిట్ ఆఫీసులో చేశాను. జీతం తక్కువని బాధపడ్డ గుర్తు నాకు లేదు, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే నరకం. ఒకటో తారీఖు అన్నది పదో తారీఖయ్యేది, ఒక్కోసారి సగం ఇచ్చి "క్లయింట్ ఇంకా ఇవ్వలేదమ్మా" అనేవారు. హాస్టల్ ఆవిడ నా క్లయింట్ కోసం ఆగదు కదా. అడగడానికి సార్ గది ముందు నిలబడితే నేను చేబదులు అడుగుతున్నట్టుండేది. సంక్రాంతికి ఊరెళ్తానంటే ఒక మొహం, జ్వరమొచ్చిందంటే ఇంకో మొహం. ఇప్పుడు నెల మొదటి పనిరోజు బిల్లు పంపితే వారం తిరక్కుండా ఖాతాలో పడుతుంది. ఒక్కసారి ఆలస్యమైతే ఆవిడే ముందుగా మెయిల్ పెట్టి క్షమించమంది. విదేశీ పనిలోకి వెళ్లిన నా తోటివాళ్లని అడిగి చూడండి. ఎక్కువ డబ్బు అని మొదలెడతారు, రెండో మాటలో టైముకి వస్తుంది అంటారు. ఆ రెండో మాటే అసలు మాటని నా నమ్మకం. మన యజమానులు డాలర్లివ్వలేరు, నిజమే. ఒకటో తారీఖున జీతం వేయడానికి డాలర్లు అక్కర్లేదు. "పిల్లలంతా ఫారిన్ కంపెనీలకి ఎగబడుతున్నారు, ఇక్కడ మనుషులు దొరకట్లేదు" అని వాపోయే పెద్దమనుషులు ముందు తమ క్యాలెండర్ చూసుకోవాలి.

అయినా డబ్బూ తారీఖూ రెండూ పక్కన పెట్టినా నేను ఈ పనే చేస్తాను. దానికి కారణం మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లేరు. మా ముత్తాత తరం గోపాల్‌పూర్ రేవులోనో, బారువలోనో స్టీమరెక్కి రంగూన్ వెళ్లింది. రేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొన్ని లక్షల మంది అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనక్కొచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. ఆ తర్వాత గంజాం వాళ్లు సూరత్ మగ్గాలకి వెళ్లారు. శ్రీకాకుళం వైపు వాళ్లు హైదరాబాదు, చెన్నై కట్టడాలకీ, గల్ఫ్‌లో వెల్డింగ్‌కీ వెళ్లారు. ఇప్పటికీ వెళ్తున్నారు. చదువుకున్నవాళ్లు బెంగళూరు, అక్కణ్ణించి అమెరికా. ఆ అమెరికా దారి ఏటా 85 వేల హెచ్‌1బీ వీసాలతో ఎప్పుడూ ఇరుకే. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు, ఇంకా ఇరుకైంది. మనిషిని రానివ్వని దేశాలు మనిషి చేసే పనిని మాత్రం ఆపలేకపోతున్నాయి.

ఇన్ని తరాల్లో డబ్బు పంపడమంటే మనిషి వెళ్లడమే. ఇంటికి డబ్బొచ్చేది, ఆ ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉండేది. నా తరంలో, నాలాంటి కొద్దిమందికి, మొదటిసారి ఆ రెండూ విడిపోయాయి. మా మావయ్యగారిది సోంపేట వైపు, ఉద్దానం కిడ్నీ జబ్బు ఆ ఊళ్లని ఎలా తింటోందో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. ఆయనకి వారానికి మూడు సార్లు డయాలసిస్. మిషను మీద నాలుగు గంటలు, వెళ్లిరావడంతో కలిపి ఒక పూట. మావారికి మందుల షాపు, మూసి రావడం కుదరదు. మధ్యాహ్నం నా పని అయిపోతుంది కాబట్టి ఆయనతో వెళ్లేది నేను. హైదరాబాదులో ఇంతకి రెండింతలు జీతమిస్తామన్నా ఆ మధ్యాహ్నాలని ఎవరికి అప్పగించి వెళ్లను? ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా సూటి లెక్క. ఈ ఊళ్లో చదువుకుని ఇంట్లో ఉండిపోయిన కోడళ్లు వీధికి నలుగురున్నారు. వాళ్లకి చదువు తక్కువై కాదు. గడప దాటాల్సిన ఉద్యోగమంటే ఇంట్లో నాలుగు రకాల పంచాయితీ. గడప లోపలి ఉద్యోగానికి పంచాయితీ ఉండదని కాదు, మా అత్తగారు మొదట్లో "ఆ పెట్టెలో ఎవులితో మాటాడతాది పొద్దున్నే?" అని పక్కింటావిడ దగ్గర ఆరా తీశారు. ఇప్పుడు నాలుగున్నరకి టీ పెట్టి బల్ల మీద ఉంచేది ఆవిడే.

ఇదంతా ఎలా సాధ్యమైందో ఒక ముక్కలో చెప్తాను, ఎందుకంటే మన పిల్లలకున్న ప్రతిభ వల్ల అని ఉపన్యాసాలిచ్చేవాళ్లున్నారు. ప్రతిభ మా నాన్న తరానికీ ఉంది. పుస్తకాలు బీరువాలో ఉన్నన్నాళ్లు గుమాస్తా బీరువా ఉన్న చోటే ఉండాలి. లెక్కలు జీరో లాంటి ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్లలోకి వెళ్లాయి, బ్యాంకు లావాదేవీలు వాటంతటవే వచ్చి పడుతున్నాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇక్కడ డేటా చవకైంది, కరోనా రెండేళ్లు మనిషి కనపడకుండా పని జరుగుతుందని ఆఫీసులకి అలవాటు చేశాయి. అంతే. ఇన్వర్టరు, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు నేను కలుపుకున్నాను. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు ఎన్నాళ్లు లేదో తల్చుకుంటే మాత్రం ఇన్వర్టరు చూసి నవ్వొస్తుంది. అలాంటిది మళ్లీ వస్తే బ్రిస్బేన్‌కి ఏం చెప్పాలన్నది ప్రతి అక్టోబరులో నా టెన్షన్.

ఇప్పుడు తమ్ముడి వైపు. వాడు పూర్తిగా తప్పు కాదు.

మూడు నెలలకోసారి నేను చేసే పనుల్లో ఒకటి సూపర్ లెక్క. సూపర్యాన్యుయేషన్ అంటే వాళ్ల పీఎఫ్ లాంటిది. 2025 జూలై నుంచి జీతం మీద 12 శాతం యజమాని కట్టాలి, త్రైమాసికం ముగిసిన 28 రోజుల్లోగా. 2026 జూలై 1 నుంచి ప్రతి జీతంతోపాటే కట్టాలని కొత్త నియమం, అంటే నాకు పని పెరుగుతుంది. నిన్నగాక మొన్న చేరిన వెయిట్రెస్‌కి కూడా సెంటు తప్పకుండా లెక్కకడతాను. తప్పితే యజమానికి జరిమానా. నా పేరు మీద ఏ 12 శాతమూ లేదు. మన దేశంలో పీఎఫ్ కింద యజమాని వంతూ ప్రధానంగా 12 శాతమే, కానీ నాకు యజమాని లేరు. కాగితం ప్రకారం నేను స్వతంత్ర కాంట్రాక్టర్ని. ఎనిమిది గంటలు వాళ్ల టైములో, వాళ్ల సాఫ్ట్‌వేర్లో, వాళ్లు చెప్పిన వరసలో పనిచేసే స్వతంత్రురాలిని. జీతంతో సెలవు లేదు, గ్రాట్యుయిటీ లేదు. ఏడు రోజుల నోటీసుతో తీసేయొచ్చు, వివాదమొస్తే క్వీన్స్‌లాండ్ చట్టం. పర్లాకిమిడి నుంచి క్వీన్స్‌లాండ్ కోర్టుకి వెళ్లే దారి నాకు తెలియదు, వాళ్లకీ తెలుసు నాకు తెలియదని.

ఇంటి లోనుకి వెళ్లినప్పుడు ఈ స్వాతంత్ర్యం రుచి ఇంకోలా తెలిసింది. బ్యాంకులో ఫారం 16, అంటే యజమాని ఇచ్చే జీతం పన్ను కాగితం, అడిగారు. లేదు, రిటర్నులున్నాయి, విదేశం నుంచి వచ్చిన ప్రతి రూపాయికీ మీ బ్యాంకే ఇచ్చిన కాగితముంది అన్నాను. "సాలరీ స్లిప్ ఉండాలమ్మా" అన్నారు. అక్కడే నా కన్నా చాలా తక్కువ జీతంతో పక్క కుర్చీలో ఉన్నాయనకి, స్లిప్ ఉంది కాబట్టి, ఫైలు కదిలింది. చివరికి లోను మావారి షాపు పేరు మీద వచ్చింది. ఆ నెలంతా మా ఇంట్లో నా ఉద్యోగం "నిజం ఉద్యోగమేనా" అనే చర్చ నడిచింది.

నాది ఈ రకం పనుల్లో పై మెట్టు. కింది మెట్లున్నాయి. కెన్యాలో చాట్‌జీపీటీ కోసం దారుణమైన రాతల్ని చదివి గుర్తులు పెట్టే పనివాళ్లకి గంటకి 2 డాలర్ల లోపే ముట్టిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. అది చదివి మా తమ్ముడు నాకు లింకు పంపాడు, కింద ఏమీ రాయలేదు. నేను కూడా చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత ఇలా రాశాను: ఆ పిల్లలు ఒప్పుకోవడానికి నైరోబీలో వాళ్లకున్న కారణం నాకు పర్లాకిమిడిలో ఉన్న కారణమే. ఒప్పుకున్నారు కదా అని అంతే ఇవ్వడం న్యాయమైపోదు. మనిషి ఒక జీతానికి సరేనన్నాడంటే అతని ఊళ్లో దిక్కు ఎంత తక్కువో తెలుస్తుంది, ఆ పని విలువ ఎంతో తెలియదు. బావగారు ఈ రెండో ముక్క వినరు, తమ్ముడు మొదటిది వినడు.

ఇంకో మాట కూడా దాచకూడదు. మా జిల్లాలో సగానికి పైగా గిరిజనులు. కొండ మీది సవర పల్లెల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. అక్కడి కుర్రాళ్లు ఇప్పటికీ రైలెక్కి కేరళ వెళ్తున్నారు. ఇంగ్లీషు, లాప్‌టాప్, తలుపేసుకునే ఒక గది ఉన్నవాళ్లకే ఈ దారి. దీన్ని చూపించి "ఇక వలసలుండవు" అనే నాయకుడెవరైనా ఉంటే ఆ పల్లెల్లో ఒక రాత్రి ఉండి రావాలి.

అయితే ఏం చేయాలి? మానేయాలా? మానేస్తే నష్టం నాకే, బ్రిస్బేన్ ఆవిడకి వారంలో ఇంకొకరు దొరుకుతారు. చట్టం మారేదాకా కూర్చోవాలా? ఇంటి నుంచి చేసే పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1996లోనే వచ్చింది, 177వ నంబరుది. మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. కాబట్టి నేను చట్టం మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. నా బిల్లులో 12 శాతం నేనే తీసి ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో వేసుకుంటున్నాను, ఎవరూ వేయరు గనక.

ఆశ పెట్టుకున్నది ఇంకోచోట. మా టీములో ఫిలిప్పీన్స్‌లోని సెబూ నుంచి ఒకమ్మాయి ఉంది. నా పనే తనదీ, నా రేటే తనదీ. ఒక డిసెంబరులో చాట్‌లో మాటల మధ్య "13వ నెల వచ్చేసింది" అంది. ఏమిటా 13వ నెల అని అడిగాను. ఫిలిప్పీన్స్‌లో 1975 నుంచి చట్టం ఉంది, ఉద్యోగులకి ఏడాది చివర అదనంగా ఒక నెల జీతమివ్వాలి. తను కాంట్రాక్టరే, ఆ చట్టం తనకీ వర్తించదు. కానీ విదేశీయులకి పనిచేసే అక్కడివాళ్లు చేరేటప్పుడే దాన్ని అడుగుతారు, ఒకరు అడిగి వదిలేస్తే ఇంకొకరు అడుగుతారు. అలా అలా అది ఆనవాయితీ అయిపోయింది. చాలామంది విదేశీ యజమానులు ఇప్పుడు చెప్పకుండానే లెక్కలో వేసుకుంటారు. ఇందాక చెప్పిన సందులో ఎవరికెంత అన్నది ఇలా తేలుతుందన్నమాట. అక్కడ అడుగుతారు. మనవాళ్లం రేటు తగ్గించి పని పట్టుకోవడంలో ఒకరితో ఒకరం పోటీ పడతాం, దాని గురించి ఫేస్‌బుక్ గ్రూపుల్లో చిట్కాలు కూడా చెప్పుకుంటాం.

మర్నాడు బ్రిస్బేన్ ఆవిడకి మెయిల్ రాశాను. బతిమాలలేదు, కథలేం చెప్పలేదు. ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి 13వ నెల ఉంది, ఇంకొకరికి లేదు, దీన్ని సరిచేయగలరా అని రెండు వాక్యాలు. జవాబు సాయంత్రానికే వచ్చింది. ఇండియా నుంచి ఇంతవరకు ఎవరూ అడగలేదని రాసింది. ఆ ఏడు సగం ఇచ్చింది, మరుసటి ఏడు నుంచి పూర్తిగా. నోటీసు ఏడు రోజుల నుంచి నాలుగు వారాలకి పెంచమని కూడా అడిగాను, దానికి ఇంకా ఒప్పుకోలేదు. జూన్‌లో కాంట్రాక్టు తిరగరాస్తారు, అప్పుడు మళ్లీ అడుగుతాను.